తొలి ఏడాదే 9 గెలుపులు: ఓల్డ్ డొమినియన్ లెక్కను ఎలా చూడాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ అబ్బాయి చదువుతున్న విశ్వవిద్యాలయం కొత్తగా అమెరికన్ ఫుట్‌బాల్ జట్టును ప్రారంభించబోతోంది, అందుకోసం విద్యార్థుల ఫీజు పెంచుతామంటోంది. వర్జీనియాలోని ఓల్డ్ డొమినియన్ విశ్వవిద్యాలయం 2009లో తన మొదటి సీజన్‌లోనే 9 మ్యాచ్‌లు గెలిచి 2 మాత్రమే ఓడిందన్న ఉదాహరణను అధికారులు పదే పదే చెబుతున్నారు. అది నిజమా, అదృష్టమా, మరొకచోట సాధ్యమవుతుందా అని మీరు అడిగారు. అమెరికా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ఆర్థిక విభాగాల్లో చాలా కాలం పనిచేసినవాణ్ణి, ఈ ఆటను ఇష్టంగా చూసేవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ఆ రికార్డు నిజమే, అందులో అదృష్టం పాలు కూడా తక్కువే. అయితే ఆ 9 విజయాల్లో ఎక్కువ భాగం 2009 సెప్టెంబరుకు ముందే, అంటే ఒక్క మ్యాచ్ కూడా ఆడని రెండున్నర సంవత్సరాల్లోనే ఖాయమయ్యాయి. మరికొంత భాగం ఎవరితో ఆడాలో నిర్ణయించిన బల్ల దగ్గర ఖాయమైంది. కాబట్టి ఎన్ని గెలిచారన్న అంకె కన్నా ఎవరి మీద గెలిచారు, ఎంత తయారీతో గెలిచారు, ఆ తయారీకి డబ్బు ఎవరిచ్చారు అన్నవే మీరు అడగవలసిన ప్రశ్నలు.

ఈ ఆటతో పరిచయం లేనివారికి ఒక్క విషయం చెప్పాలి. మైదానంలో ఒక్కో వైపు 11 మందే కనిపించినా దాడి చేసే 11 మంది వేరు, అడ్డుకునే 11 మంది వేరు, బంతిని తన్నే సందర్భాల్లో దిగేవారు మళ్లీ వేరు. అందువల్ల ఒక కాలేజీ జట్టులో దాదాపు 100 మంది ఉంటారు. వారిలో ముందు వరుసలో ఢీకొనేవారు చాలామంది 130 కిలోలకు పైబడిన దేహం ఉన్నవారే. హైస్కూలు ముగించి వచ్చిన 18 ఏళ్ల కుర్రవాడికి, నాలుగేళ్లు కాలేజీ వ్యాయామశాలలో బరువులెత్తిన 22 ఏళ్ల యువకుడికి మధ్య ఉండే తేడా బాస్కెట్‌బాల్‌లో కన్నా ఇక్కడ చాలా ఎక్కువ. బాస్కెట్‌బాల్‌లో ఇద్దరు మెరికల్లాంటి ఆటగాళ్లు వస్తే జట్టు తలరాత మారవచ్చు, ఫుట్‌బాల్‌లో మాత్రం ఒక తరం మొత్తం ఎదగాలి. కొత్త జట్లు సాధారణంగా మొదటి ఏడాది చితికిపోవడానికి ప్రధాన కారణం ఇదే.

ఇక ఓల్డ్ డొమినియన్ సంగతి. ఈ విశ్వవిద్యాలయం ప్రపంచంలోకెల్లా పెద్ద నౌకాదళ స్థావరం ఉన్న నార్ఫోక్ నగరంలో ఉంది. 1930లో విలియం అండ్ మేరీ కాలేజీకి నార్ఫోక్ శాఖగా మొదలైనప్పుడే దానికొక ఫుట్‌బాల్ జట్టు ఉండేది, 1940ల ఆరంభంలో అది ఆగిపోయింది. మహా మాంద్యం కాలపు ప్రభుత్వ ఉపాధి పథకం కింద 1936లో కట్టిన ఫోర్‌మన్ ఫీల్డ్ స్టేడియం మాత్రం క్యాంపస్‌లోనే నిలిచి ఉంది. తరువాత దాదాపు 70 ఏళ్లపాటు ఆ విశ్వవిద్యాలయం పేరు క్రీడల్లో వినిపించిందంటే ప్రధానంగా బాస్కెట్‌బాల్ వల్లనే, ముఖ్యంగా 1979, 1980, 1985 సంవత్సరాల్లో జాతీయ విజేతలుగా నిలిచిన మహిళా జట్టు వల్ల. చాలామంది విద్యార్థులు ఇంటి నుంచి కారులో వచ్చి, క్లాసు అయ్యాక అదే కారులో వెళ్లిపోయే విశ్వవిద్యాలయమది. శనివారం నాడు క్యాంపస్‌లో ఉండటానికి ఒక కారణం కల్పించాలన్న ఆలోచన ఫుట్‌బాల్ ప్రతిపాదన వెనుక బలంగా పనిచేసింది.

పాలకమండలి 2005లో జట్టుకు ఆమోదం తెలిపింది. 2007 ఫిబ్రవరిలో మెయిన్ విశ్వవిద్యాలయం నుంచి బాబీ వైల్డర్‌ను ప్రధాన శిక్షకుడిగా తీసుకున్నారు. తొలి మ్యాచ్ 2009 సెప్టెంబరు 5న జరిగింది. ఈ మూడు తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. నిర్ణయానికి, తొలి మ్యాచ్‌కు మధ్య నాలుగేళ్లు, శిక్షకుడు వచ్చాక రెండున్నరేళ్లు గడిచాయి. 2008లో ఆటగాళ్లు వచ్చారు, స్కాలర్‌షిప్‌లు తీసుకున్నారు, తరగతులకు వెళ్లారు, రోజూ సాధన చేశారు, కానీ ఆ సీజన్ అంతటా బయటి జట్టుతో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అమెరికా కాలేజీ క్రీడలను నియంత్రించే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధనల ప్రకారం అప్పట్లో ఒక ఆటగాడికి నాలుగు సీజన్లు ఆడటానికి ఐదేళ్ల గడువు ఉండేది. అందులో ఒక ఏడాదిని ఆడకుండా శరీరాన్ని, ఆటను పెంచుకోవడానికి వాడుకోవడాన్ని రెడ్‌షర్ట్ అంటారు. పాత జట్టులో కొందరు కొత్తవాళ్లకు మాత్రమే దక్కే ఈ సంవత్సరాన్ని ఓల్డ్ డొమినియన్ జట్టు మొత్తానికి ఇచ్చింది. నారుమడిలో పెంచిన మొక్కను పొలంలో నాటడానికి, విత్తనాన్ని నేరుగా వెదజల్లడానికి ఉన్న తేడా అనుకోండి. 2009లో మైదానంలోకి దిగినవాళ్లకు మ్యాచ్ అనుభవం కొత్తే గానీ, ఏడాది వ్యాయామం, ఏడాది పాటు ఒకే వ్యూహపుస్తకం, ఒకరికొకరు అలవాటుపడిన వరుసలు అప్పటికే వారి దగ్గర ఉన్నాయి.

నార్ఫోక్ చుట్టుపక్కల ప్రాంతం కలిసివచ్చింది. హాంప్టన్ రోడ్స్ అని పిలిచే ఆ తీరప్రాంతం ఫుట్‌బాల్ ఆటగాళ్లకు పుట్టినిల్లు. బ్రూస్ స్మిత్ నార్ఫోక్‌వాడు, మైకేల్ విక్ పక్కనే ఉన్న న్యూపోర్ట్ న్యూస్‌వాడు. ఇద్దరూ వర్జీనియా టెక్‌కు వెళ్లారు, ఎందుకంటే వాళ్ల కాలంలో సొంత ఊళ్లోని ఈ పెద్ద విశ్వవిద్యాలయానికి జట్టే లేదు. పెద్ద కాలేజీలు ఎంచుకోగా మిగిలిన మంచి ఆటగాళ్లకు ఇంటి దగ్గరే స్కాలర్‌షిప్ దొరకడం కొత్త శిక్షకుడికి గొప్ప ఆకర్షణ అయింది. మీ అబ్బాయి విశ్వవిద్యాలయం ఉన్న ప్రాంతంలో హైస్కూలు ఫుట్‌బాల్ స్థాయి ఏమిటో చూడకుండా ఓల్డ్ డొమినియన్ ఉదాహరణ చెప్పడం సగం కథ చెప్పడమే.

జట్టు ఏ అంచెలో మొదలైందన్నదీ ముఖ్యమే. కాలేజీ ఫుట్‌బాల్ మొదటి డివిజన్‌లో రెండు అంచెలు ఉన్నాయి. పై అంచె అయిన ఎఫ్‌బీఎస్‌లో అప్పట్లో 85 పూర్తి స్కాలర్‌షిప్‌లు, కింది అంచె అయిన ఎఫ్‌సీఎస్‌లో 63 స్కాలర్‌షిప్‌లకు సమానమైన మొత్తం ఇవ్వవచ్చు. ఓల్డ్ డొమినియన్ ఎఫ్‌సీఎస్‌లో, ఏ కాన్ఫరెన్స్‌కూ (తమలో తాము ఏటా ఆడుకునే కాలేజీల కూటమికి) చెందని స్వతంత్ర జట్టుగా మొదలైంది. ఈ స్థానం రెండు రకాలుగా మేలు చేసేది. ఎఫ్‌బీఎస్ జట్టు నుంచి ఎఫ్‌సీఎస్ జట్టుకు మారే ఆటగాడు ఏడాది కూర్చోకుండా వెంటనే ఆడే వీలుండేది కాబట్టి, పెద్ద కాలేజీలో అవకాశం దొరకని అనుభవజ్ఞులను తెచ్చుకోవచ్చు. కాన్ఫరెన్స్ లేదు కాబట్టి ప్రత్యర్థులను చాలావరకు తామే ఎంచుకోవచ్చు.

ఆ రెండో వీలును వాళ్లు తెలివిగా వాడుకున్నారు. తొలి మ్యాచ్ రెండో డివిజన్‌కు చెందిన చోవన్ విశ్వవిద్యాలయంతో జరిగింది, ఓల్డ్ డొమినియన్ 36-21 తేడాతో గెలిచింది. ఆ తరువాత చేరబోయే కలోనియల్ కాన్ఫరెన్స్ అప్పుడు ఎఫ్‌సీఎస్‌లో అత్యంత కఠినమైన వాటిలో ఒకటి. 2009 జాతీయ విజేత విలనోవా అందులోని జట్టే. ఆ స్థాయి ప్రత్యర్థులతో వారానికొకసారి తలపడవలసిన అవసరం మొదటి ఏడాది ఓల్డ్ డొమినియన్‌కు రాలేదు. దీన్ని నేను తప్పుపట్టడం లేదు. పైగా అది సరైన ప్రణాళిక అని నా అభిప్రాయం. 19 ఏళ్ల కుర్రవాళ్లను మొదటి నెలలోనే వీపు విరిగేలా కొట్టించి, ప్రేక్షకులను మూడో వారానికే ఇంటికి పంపేయడం వల్ల ఎవరికీ లాభం లేదు. కాకపోతే ఆ 9 అంకెను వేరే విశ్వవిద్యాలయం తన కరపత్రంలో అచ్చువేసినప్పుడు, దాని వెనుక ఉన్న ఈ షెడ్యూలును కూడా అచ్చువేయాలి.

షెడ్యూలు అంకెను ఎంతగా మారుస్తుందో చూడాలంటే అదే 2009లో, అదే సెప్టెంబరు 5న మొదలైన సౌత్ అలబామా జట్టును చూడండి. మొదటి సీజన్‌లో 7 ఆడి 7 గెలిచింది. అంకెల్లో అది ఓల్డ్ డొమినియన్ కన్నా మెరుగే, కానీ ఆ ప్రత్యర్థుల్లో హార్‌గ్రేవ్ మిలిటరీ అకాడమీ వంటి ప్రిపరేటరీ స్కూళ్లు (కాలేజీకి ముందు చదివేవి) ఉన్నాయి. మరుసటి ఏడాది 10కి 10 గెలిచిన ఆ జట్టు, 2012లో సన్ బెల్ట్ కాన్ఫరెన్స్‌లో పూర్తి స్థాయి షెడ్యూలు ఆడేసరికి 2 గెలిచి 11 ఓడింది. జార్జియా స్టేట్ 2010లో బిల్ కర్రీ శిక్షణలో 6 గెలిచి 5 ఓడింది. ఆ సీజన్ ముగింపులో అలబామా విశ్వవిద్యాలయానికి వెళ్లి 63-7తో చిత్తయింది. చిన్న జట్లు పెద్ద జట్ల మైదానానికి వెళ్లి ఇలా ఓడిరావడానికి లక్షల డాలర్ల హామీ సొమ్ము అందుతుంది, చాలా చిన్న కార్యక్రమాల బడ్జెట్లు వాటి మీదే నడుస్తాయి. ఆ తరువాత జార్జియా స్టేట్ గెలుపులు 3కి, 1కి పడిపోయి, 2013లో 12 మ్యాచ్‌లకు 12 ఓడే దాకా వెళ్లాయి. దీనికి సరిగ్గా వ్యతిరేకం శాన్ ఆంటోనియోలోని టెక్సస్ విశ్వవిద్యాలయం (యూటీఎస్‌ఏ) కథ. 2001లో మయామీని జాతీయ విజేతగా నిలిపిన ల్యారీ కోకర్ శిక్షకుడిగా 2011లో మొదలైన ఆ జట్టు తొలి ఏడాది 4 గెలిచి 6 ఓడింది, కానీ తొలి మ్యాచ్‌కు ఆలమోడోమ్ స్టేడియంలో 56,743 మంది వచ్చారు. పదేళ్ల తరువాత 2021లో అదే జట్టు 12 మ్యాచ్‌లు గెలిచి కాన్ఫరెన్స్ విజేత అయింది. మొదటి సీజన్ గెలుపోటములు పదో సీజన్ గురించి చెప్పేది ఎంత తక్కువో ఈ మూడింటిని కలిపి చూస్తే తెలుస్తుంది.

తొలి ఏడాది విజయాల సంఖ్యలో ఓల్డ్ డొమినియన్‌ను 2013లో జార్జియాలోని మెర్సర్ విశ్వవిద్యాలయం దాటింది, 10 గెలిచి 2 ఓడింది. అది ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్‌లు ఇవ్వని పయొనీర్ లీగ్‌లో ఆడినప్పటి మాట. మరుసటి ఏడాది స్కాలర్‌షిప్‌లు ఉన్న సదరన్ కాన్ఫరెన్స్‌కు మారగానే 6-6 అయింది. తయారీ సంవత్సరాల విలువకు బర్మింగ్‌హామ్‌లోని అలబామా విశ్వవిద్యాలయం (యూఏబీ) మరో సాక్ష్యం. 2014 చివర జట్టును రద్దుచేసి, నిరసనల తరువాత వెనక్కి తెచ్చినప్పుడు, రెండు సీజన్లు ఆడకుండా ఆటగాళ్లను కూడగట్టి సాధన చేయించారు. 2017లో తిరిగి దిగి 8 గెలిచి 5 ఓడారు, మరుసటి ఏడాది కాన్ఫరెన్స్ టైటిల్ గెలిచారు. ఖాళీగా కనిపించిన ఆ రెండేళ్లే వాళ్లను నిలబెట్టాయని నేను నమ్ముతాను.

ఓల్డ్ డొమినియన్ మొదటి సీజన్‌లో నన్ను నిజంగా ఆకట్టుకున్నది 9-2 కాదు, స్టేడియం. బాగుచేసిన ఫోర్‌మన్ ఫీల్డ్‌లో దాదాపు 20,000 సీట్లు ఉంటే, ఆ ఏడాది సొంత గడ్డ మీద ఆడిన ప్రతి మ్యాచ్‌కూ టికెట్లన్నీ అమ్ముడయ్యాయి. తరువాతి సీజన్లలోనూ చాలాకాలం అదే కొనసాగింది. ఎఫ్‌సీఎస్ స్థాయిలో ఇది చాలా అరుదు. చవక ప్రత్యర్థులతో విజయాల సంఖ్య పెంచవచ్చు గానీ, ఊరి జనం ప్రతి శనివారం డబ్బు పెట్టి రావడాన్ని ఏ షెడ్యూలూ తయారుచేయలేదు. వృత్తి క్రీడల పెద్ద జట్టు ఒక్కటీ లేని నగర ప్రాంతం కావడం అందుకు ముఖ్య కారణం.

తరువాతి కథ కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే కరపత్రాలు 2009 దగ్గరే ఆగిపోతాయి. 2010లో 8-3. 2011లో కలోనియల్ కాన్ఫరెన్స్‌లో చేరిన మొదటి ఏడాదే 10-3తో ప్లేఆఫ్‌కు వెళ్లారు. ఆ ఏడాదే మొదటి సంవత్సరం విద్యార్థిగా దిగిన క్వార్టర్‌బ్యాక్ (బంతిని విసిరి దాడిని నడిపించే ఆటగాడు) టేలర్ హైనికీ, 2012లో న్యూ హాంప్‌షైర్ మీద ఒకే మ్యాచ్‌లో 730 గజాల పాసింగ్ చేసి, ఎఫ్‌సీఎస్‌లో అత్యున్నతమైన వాల్టర్ పేటన్ అవార్డు అందుకున్నాడు. ఆ సీజన్ 11-2తో ముగిసింది. నా దృష్టిలో ఈ కార్యక్రమం పరీక్ష పాసైంది 2009లో కాదు, బలమైన ప్రత్యర్థుల మధ్య నిలబడిన 2011, 2012 సంవత్సరాల్లో. 2014లో ఎఫ్‌బీఎస్‌లోని కాన్ఫరెన్స్ యూఎస్‌ఏకు మారారు. 2016లో 10-3తో, సీజన్ చివర జరిగే ప్రత్యేక మ్యాచ్ అయిన బహామాస్ బౌల్ గెలిచారు. 2018లో జాతీయ ర్యాంకులో 13వ స్థానంలో ఉన్న వర్జీనియా టెక్‌ను 49-35తో ఓడించి రాష్ట్రమంతా మాట్లాడుకునేలా చేశారు, కానీ ఆ సీజన్ 4-8తోనే ముగిసింది. 2019లో 1-11 అయ్యాక వైల్డర్ తప్పుకున్నారు. తొలి ఏడాది శిక్షకుడు, తొలి ఏడాది ఉత్సాహం ఉన్న చోటనే పదో ఏటికి ఈ పరిస్థితి వచ్చిందంటే, పై అంచెకు ఎక్కడానికయ్యే ఖర్చు, పోటీ ఎంత వేరుగా ఉంటాయో ఊహించవచ్చు. ఆ 2019లోనే స్టేడియాన్ని 6.75 కోట్ల డాలర్లతో పునర్నిర్మించారు.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం, మీకు నేరుగా తగిలేది ఇదే. వర్జీనియాలో ప్రభుత్వ పన్నుల సొమ్మును విశ్వవిద్యాలయ క్రీడా జట్ల నిర్వహణకు వాడరు. టికెట్లు, విరాళాలు, ప్రసార ఆదాయం చాలనప్పుడు మిగతాది విద్యార్థుల ఫీజు నుంచే వస్తుంది. పెద్ద కాన్ఫరెన్స్‌ల్లో లేని విశ్వవిద్యాలయాల్లో ఇది చిన్న వాటా కాదు. ఈ భారం పెరిగిపోతోందని 2015లో రాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేసి, క్రీడల ఆదాయంలో విద్యార్థుల ఫీజు వాటాకు పరిమితులు పెట్టింది. ఎఫ్‌సీఎస్ స్థాయి వారికి 70 శాతం, పెద్ద కాన్ఫరెన్స్‌ల్లో లేని ఎఫ్‌బీఎస్ వారికి 55 శాతం. పరిమితే ఇంత ఎత్తులో ఉందంటే అసలు పరిస్థితి ఎలా ఉండేదో మీరే ఊహించండి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎంఎస్ చదవడానికి వచ్చి, ల్యాబ్‌కూ పార్ట్‌టైమ్ ఉద్యోగానికీ మధ్య పరుగులు పెట్టే మన విద్యార్థులు చాలామంది ఒక్క మ్యాచ్ కూడా చూడకుండానే ఈ ఫీజు కడతారు. చాలాచోట్ల ట్యూషన్‌లోనే కలిసిపోయి ఉంటుంది కాబట్టి బిల్లులో అది విడిగా కనిపించదు కూడా.

ఫుట్‌బాల్ ఖర్చు ఫుట్‌బాల్‌తో ఆగదని చాలామంది మరచిపోతారు. 1972 నాటి టైటిల్ నైన్ చట్టం విద్యాసంస్థల్లో స్త్రీపురుషులకు సమాన అవకాశాలు ఉండాలంటుంది. దాదాపు 100 మంది పురుషులున్న జట్టును ఒక్కసారిగా చేర్చితే, మహిళలకు కొత్త క్రీడలను చేర్చవలసి వస్తుంది. ఓల్డ్ డొమినియన్ మహిళల రోయింగ్ జట్టును ఇలాగే చేర్చింది. మహిళలకు అవకాశాలు పెరగడం మంచి ఫలితమే. మరోవైపు, 2020లో అదే విశ్వవిద్యాలయం ఖర్చుల కారణం చూపుతూ పురుషుల కుస్తీ జట్టును రద్దుచేసింది. దానికి ఫుట్‌బాల్ ఒక్కటే కారణమని అనడం సరికాదు, కానీ ఒకే సంచీ నుంచి అందరికీ పంచవలసినప్పుడు బక్క క్రీడలకే ముందు ముప్పు వస్తుంది.

ఇప్పటి పరిస్థితి 2009 నాటిది కాదు. 2021 నుంచి ఆటగాళ్లు ఒక కాలేజీ నుంచి మరొక కాలేజీకి మారి వెంటనే ఆడవచ్చు. దీనివల్ల కొత్త జట్టు అనుభవజ్ఞులను త్వరగా తెచ్చుకోగలదు, అంతే త్వరగా తన మంచి ఆటగాళ్లను పోగొట్టుకోగలదు. ఎదిగేదాకా పెంచిన కుర్రవాణ్ణి రెండో ఏడాది పెద్ద కాలేజీ తీసుకుపోతే, ఓల్డ్ డొమినియన్ పాటించిన ఏడాది తయారీ పద్ధతి ఫలితం వేరొకరికి దక్కుతుంది. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందం తరువాత విశ్వవిద్యాలయాలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించే దశ కూడా వచ్చేసింది. కాబట్టి పాత బడ్జెట్ అంచనాలతో ఎవరైనా మిమ్మల్ని ఒప్పించబోతే జాగ్రత్తగా వినండి.

మీ అబ్బాయి విశ్వవిద్యాలయం నిర్వహించే సమావేశానికి మీరు వెళ్లగలిగితే గెలుపుల గురించి అడగకండి. తొలి మ్యాచ్‌కు ముందు ఆటగాళ్లకు పూర్తి ఏడాది సాధన ఉంటుందా, మూడో సీజన్‌లో ఏ కాన్ఫరెన్స్‌లో ఆడతారు, ఫీజు పెంపు జట్టు ఓడినా తగ్గదు కదా, టైటిల్ నైన్ కింద చేర్చబోయే క్రీడల ఖర్చు ఈ అంచనాలో ఉందా అని అడగండి. ఫీజు మీద విద్యార్థుల ఓటింగ్ పెట్టారా అన్నది కూడా న్యాయమైన ప్రశ్నే. టెక్సస్‌లోని రియో గ్రాండ్ వ్యాలీ విశ్వవిద్యాలయం 2021లో క్రీడల ఫీజు పెంపును విద్యార్థుల ఓటుకు పెట్టి, ఆమోదం పొందాకే జట్టు కట్టి, 2025లో మైదానంలోకి దిగింది. కట్టేవాళ్లను ముందుగా అడిగే ఆ పద్ధతి నాకు నచ్చింది, అయితే ఓటు వేసినవారిలో చాలామంది జట్టు దిగేసరికి చదువు ముగించుకుని వెళ్లిపోయి ఉంటారన్న చిక్కు అందులోనూ ఉంది.

అధికారులు చెప్పిన అంకెలను సరిచూసుకోవడం కష్టం కాదు. ఫెడరల్ విద్యాశాఖకు ప్రతి కాలేజీ ఏటా సమర్పించే క్రీడల ఆదాయవ్యయాల వివరాలు ప్రజలకు అందుబాటులో ఉంటాయి. అది ప్రభుత్వ విశ్వవిద్యాలయం అయితే ఎన్‌సీఏఏకు ఇచ్చే వార్షిక ఆర్థిక నివేదికను సమాచార హక్కు చట్టం వంటి రాష్ట్ర చట్టాల కింద అడిగి తెప్పించుకోవచ్చు. మీ అబ్బాయి కాలేజీకి ఇంకా జట్టు లేదు కాబట్టి, దాని నివేదికతో పాటు అది చేరబోయే కాన్ఫరెన్స్‌లోని నాలుగైదు కాలేజీల నివేదికలు తీసి, క్రీడల ఆదాయంలో విద్యార్థుల ఫీజు వాటా ఎంతుందో చూడండి. ఐదో ఏటికి మీ బిల్లు ఎక్కడికి చేరుతుందో అందులో చాలావరకు కనిపిస్తుంది.